పట్టాల పక్క కాపురం

హఫీజ్‌పేట్‌లో ఫ్లాట్ చూడ్డానికి వచ్చేవాళ్ళు మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే. "రైలు చప్పుడు బాగా వినిపిస్తుందా అండీ?" వినిపిస్తుంది. ఓ ఆర్నెల్లు వినిపిస్తుంది, ఆ తర్వాత వినిపించడం మానేస్తుంది. కుక్కర్ విజిల్, మిక్సీ, పైఫ్లోర్ పిల్లల బంతి, వీటిలో అదీ ఒకటైపోతుంది. "అలా వినిపించడం మానేసిందంటేనే భయపడాలమ్మా" అంటారు మా బాబాయి. ఆయన కాజీపేటలో లోకో పైలట్‌గా చేసి రిటైరయ్యారు. మా ఇంటికొస్తే బాల్కనీలో కూర్చుని వచ్చే పోయే బళ్ళు చూస్తూ కాఫీ తాగుతారు. మనం సీరియల్ చూసినంత శ్రద్ధగా చూస్తారు.

మన ఎమ్‌ఎమ్‌టీఎస్‌కి ఇరవై ఏళ్ళు దాటాయి. 2003 ఆగస్టు 9న మొదలైంది, అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం, రైల్వే కలిసి ఖర్చు పెట్టుకుని. ఉన్న పట్టాల మీదే లోకల్ బళ్ళు నడుపుదామన్న ఆలోచన అది. అందువల్ల మంచీ చెడూ రెండూ వచ్చాయి. మంచేమిటంటే, మెట్రో ఇంకా మియాపూర్ దగ్గరే ఆగిపోయినా, మనకి బేగంపేట, సికింద్రాబాద్ వెళ్ళడానికి చవకైన బండి ఉంది. ట్రాఫిక్‌లో గంటన్నర పట్టే దూరం మా అమ్మాయి కాలేజీకి హాయిగా వెళ్ళొస్తుంది. చెడు ఏమిటంటే, మెట్రో లాగా స్తంభాల మీద ఎత్తుగా పోదు. నేల మీద, ఇళ్ళ మధ్య నుంచి పోతుంది. అవే పట్టాల మీద ముంబయి వైపు వెళ్ళే ఎక్స్‌ప్రెస్‌లూ, గూడ్సులూ పోతాయి. అవి మన స్టేషన్‌లో ఆగవు. ఆగే బండి ఎలా వస్తుందో మన కంటికి అలవాటు. ఆగని బండి ఎంత వేగంతో వస్తుందో ఆ అలవాటుతో అంచనా వేస్తాం, తప్పుతాం.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, పోయిన నెల మా అపార్ట్‌మెంట్ గ్రూపులో గోడ మీద పెద్ద చర్చ జరిగింది. మా వైపు పట్టాల పక్కన కట్టిన ప్రహరీ గోడలో ఒకచోట మనిషి వంగి దూరేంత కంత ఉంది. ఎవరు పగలగొట్టారో ఎవరికీ తెలియదు, ఎవరు వాడతారో మాత్రం అందరికీ తెలుసు. అటువైపు బస్తీలో ఉండి ఇటువైపు అపార్ట్‌మెంట్లలో పనికి వచ్చే ఆడవాళ్ళు, వాచ్‌మన్‌లు, తాపీ పనివాళ్ళు, అప్పుడప్పుడూ స్కూలు పిల్లలు. ఎవరో ఆ కంతలోంచి దూరుతున్న ఒకావిడ ఫోటో తీసి గ్రూపులో పెట్టారు. ఆవిడ చంకలో పాప ఉంది. దాని కింద వరసగా మెసేజీలు. "వీళ్ళకి ప్రాణం మీద తీపి లేదు." "చదువు లేకపోతే ఇంతే." "ఫైన్ వేస్తే కానీ బుద్ధి రాదు."

ఫైన్ ఉంది. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద పట్టాల మీదకి అనుమతి లేకుండా వస్తే ఆరు నెలల వరకూ జైలు, లేదా వెయ్యి రూపాయల వరకూ జరిమానా, లేదా రెండూ. ఈ మాట మా ఇంట్లో పనికి వచ్చే అమ్మాయితో అన్నాను. ఆమెది తాండూరు దగ్గర పల్లె. గిన్నెలు తోముతూనే నవ్వింది.

"ఎరికేనక్కా. వెయ్యి అంటరు. పట్టుకుంటే గద. ఏడింటికి పోకుంటే ఆ బి బ్లాక్ మేడమ్ పనిలకెళ్ళి తీసేస్తది. గప్పుడు నెలకు మూడువేలు పోతయి."

"మరి బ్రిడ్జి ఎక్కి రావచ్చు కదా?"

"బ్రిడ్జి ఎక్కి చుట్టు తిరిగొస్తె ఇర్వై నిమిషాలక్కా. పిల్లను ఎత్తుకుంటే ఇంకెక్కువ. పొద్దుగాల ఆరున్నరకు నల్లా ఒస్తది. నీళ్ళు పట్టకుండ ఎట్లొస్త?"

ఆ లెక్క నా బుర్రలో తిరుగుతూనే ఉంది. ఆరున్నరకి నల్లా, ఏడింటికి మొదటి ఇల్లు, మధ్యలో ఇరవై నిమిషాల వంతెన. ఇందులో చదువు లేకపోవడం ఎక్కడుంది చెప్పండి? ఆమె లెక్క మన ఇంజనీర్ల లెక్క కంటే కచ్చితంగానే ఉంది. ఆ లెక్కలో రైలుది తప్ప మిగతా అందరి టైమూ ఉంది. ఏడింటికల్లా రావాలన్నది ఎవరి టైము? మనదే. మన పిల్లల స్కూలు బస్సుది, మనవాళ్ళ ఆఫీసు లాగిన్‌ది. ఆ ఫోటో కింద కోపంగా మెసేజీ పెట్టిన వాళ్ళలో కొందరి ఇళ్ళల్లో ఆవిడే అంట్లు తోముతుంది.

బాబాయి వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పాను. ఆయన ఒక కాగితం తీసుకుని మా అమ్మాయికి లెక్క వేసి చూపించారు. గంటకి వంద కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకి దాదాపు 28 మీటర్లు వస్తుంది. పాపని ఎత్తుకుని, చెప్పులతో కంకర మీద తడబడుతూ రెండు లైన్లు దాటడానికి పది సెకన్లయినా పడుతుంది. ఆ పది సెకన్లలో బండి 280 మీటర్లు వచ్చేస్తుంది. అంటే ఎక్కడో దూరంగా, మెల్లగా వస్తున్నట్టు కనిపించే బండే మీద పడుతుంది. ఇక బ్రేకు సంగతి. ఇనప చక్రం ఇనప పట్టా మీద దొర్లుతుంది, కారు టైరుకి రోడ్డు మీద దొరికే పట్టు దానికి దొరకదు. మనిషి కనిపించాక ఎమర్జెన్సీ బ్రేకు వేసినా వందల మీటర్లు దాటాకే ఆగుతుంది, నిండు గూడ్సయితే కిలోమీటరు దాకా పోవచ్చు.

"హారన్ కొట్టడం, బ్రేకు వెయ్యడం, దేవుణ్ణి తలుచుకోవడం. మా చేతిలో ఉండేవి ఈ మూడే" అన్నారు బాబాయి. ఆయన సర్వీసులో అలాంటివి ఎన్ని చూశారో ఎప్పుడూ చెప్పలేదు. పిన్ని మాత్రం ఒకసారి నాతో అంది, అలాంటి రోజున ఇంటికొస్తే గుమ్మం బయటే తలమీద నీళ్ళు పోయించుకుని లోపలికి వచ్చేవారట, రెండు రోజులు అన్నం ముందు కూర్చుని లేచిపోయేవారట. కంత దాటే మనిషి గురించి మాట్లాడుకునేటప్పుడు ఇంజనులో ఉన్న మనిషి మనకి గుర్తుకే రాడు. ఆయనకీ ఇంటి దగ్గర ఓ పిన్ని ఉంటుంది.

ఇంకో సంగతి కూడా ఆయనే చెప్పారు. పట్టాలు దాటేవాళ్ళు ఒక బండి పోవడం కోసం ఓపిగ్గా ఆగుతారు. అది పోగానే గబుక్కున దిగుతారు. రెండో లైనులో ఎదురుగా వచ్చే బండి మొదటి బండి వెనక దాక్కుని ఉంటుంది, దాని చప్పుడు దీని చప్పుడులో కలిసిపోతుంది. ఇది విన్నాక మా అమ్మాయి చెవుల్లోంచి ఇయర్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టింది. రెండు రోజులు పెట్టుకోలేదు లెండి, ఆ తర్వాత మామూలే. స్టేషన్ మెట్లు ఎక్కేటప్పుడయినా తియ్యమని ఒప్పందం చేసుకున్నాం.

ముంబయిలో ఈ సమస్య మనకంటే ఎన్నో రెట్లు పెద్దది కదా, వాళ్ళేం చేశారా అని చూస్తే ఒక విషయం నాకు భలే నచ్చింది. 2010 ప్రాంతంలో వడాలా స్టేషన్ దగ్గర రైల్వేవాళ్ళూ, మనుషుల ప్రవర్తన మీద పనిచేసే ఒక సంస్థా కలిసి ఓ ప్రయోగం చేశారు. "పట్టాలు దాటరాదు" బోర్డు ఎవరూ చదవడం లేదు కాబట్టి, దాని బదులు రైలు కింద పడబోతున్న మనిషి భయపడే ముఖం ఫోటోలు పెద్దవిగా పెట్టారు. స్లీపర్లకి కొన్నింటికి పసుపు రంగు వేశారు. పెద్ద వస్తువు వచ్చే వేగాన్ని మన కన్ను తక్కువగా అంచనా వేస్తుందట, ఆ పసుపు గీతలు ఒక్కొక్కటే బండి కింద మాయమవుతుంటే ఎంత వేగంగా వస్తోందో తెలుస్తుందన్నమాట. హారన్ కూడా పొడుగ్గా ఒక్కసారి కాకుండా రెండు పొట్టి కూతలుగా కొట్టించారు, మధ్యలో వచ్చే నిశ్శబ్దానికి మనిషి తలెత్తి చూస్తాడని. అక్కడ చావులు బాగా తగ్గాయి. ఎవర్నీ తిట్టలేదు, ఎవరి చదువు గురించీ మాట్లాడలేదు. మనిషి ఎలా చూస్తాడో, ఎలా వింటాడో అలాగే ఒప్పుకుని మొదలుపెట్టారు. మన గ్రూపులో ఈ లింకు పెడితే నాలుగు బొటనవేళ్ళు వచ్చాయి. అంతే.

బండిని బండి గుద్దకుండా చూసే ఏర్పాట్లు మెల్లగా వస్తున్నాయి. మన లైనుకి ఇందులో కొంచెం చరిత్ర కూడా ఉంది. లింగంపల్లి దాటి వికారాబాద్ మీదుగా వాడి వెళ్ళే ఈ దారిలోనే 'కవచ్' పరీక్షలు జరిగాయి. 2022 మార్చి 4న వికారాబాద్ జిల్లాలో గుల్లగూడ దగ్గర రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఇంజనులో కూర్చుని ఉండగా, ఎదురుగా ఇంకో ఇంజను 380 మీటర్ల దూరంలో ఉందనగా బండి తనంతట తానే ఆగింది. డ్రైవరు సిగ్నల్ చూడకపోయినా యంత్రం చూసుకుంటుంది. దాని విలువ తెలియాలంటే 2019 నవంబరు 11 గుర్తు తెచ్చుకోండి. లింగంపల్లి నుంచి ఫలక్‌నుమా వెళ్ళే ఎమ్‌ఎమ్‌టీఎస్ కాచిగూడలో హంద్రీ ఎక్స్‌ప్రెస్‌ని ఢీకొంది. ఆ బండి ఆ ఉదయం మన హఫీజ్‌పేట్ మీదుగానే వెళ్ళింది. ప్రయాణికులు గాయాలతో బయటపడ్డారు. లోకో పైలట్ నుజ్జయిన క్యాబిన్‌లో ఎనిమిది గంటలు ఇరుక్కుపోయి, బయటికి తీశాక కొద్ది రోజులకే ఆసుపత్రిలో పోయాడు. టీవీలో ఆ ఎనిమిది గంటలూ చూసినవాళ్ళెవరూ మర్చిపోరు.

కానీ కంతలోంచి వచ్చే మనిషికి కవచ్ లేదు. ఆ యంత్రానికి బండి తెలుస్తుంది, చంకలో పాపతో ఉన్న ఆవిడ తెలియదు.

2014 జూలై 24 కూడా చాలామంది తల్లులకి గుర్తుండే ఉంటుంది. మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని గేటు దాటుతున్న స్కూలు బస్సుని నాందేడ్ నుంచి సికింద్రాబాద్ వస్తున్న ప్యాసింజరు గుద్దింది. పదిహేను మందికి పైగా పోయారు, దాదాపు అందరూ చిన్నపిల్లలే. ఆ వారమంతా పిల్లల్ని బస్సెక్కించి చేయి ఊపుతుంటే కడుపులో తిప్పేసేది. 2019 జనవరి కల్లా దేశమంతటా బ్రాడ్‌గేజ్ లైన్ల మీద కాపలా లేని గేట్లన్నీ తీసేశారు. తలుచుకుంటే అయింది. ఊళ్ళల్లో అంత కష్టపడి తీసేసిన కాపలా లేని గేట్లని నగరంలో మనం గోడలు పగలగొట్టి మళ్ళీ తయారు చేసుకుంటున్నాం.

బాధ్యతంతా మనదేనని చెప్పడం లేదు. రైలు నడిపేవాళ్ళ బాధ్యత టికెట్టు కొన్నవాళ్ళతో ఆగిపోదు. 2019 సెప్టెంబరు 22న అమీర్‌పేట మెట్రో స్టేషన్ కింద వానకి తలదాచుకున్న ఒక యువతి మీద పైనుంచి పెచ్చు ఊడిపడి ప్రాణం పోయింది. ఆమె ఆ నిమిషాన మెట్రో ప్రయాణికురాలు కాదు, వాన పడుతుంటే ఎవరైనా నిలబడే చోట నిలబడింది, అంతే. ఊరి మధ్య నుంచి రైలు పోతోందంటే దాని కింద నిలబడేవాళ్ళు, పక్కన కాపురం ఉండేవాళ్ళు, అడ్డంగా దాటాల్సిన అవసరం ఉన్నవాళ్ళు, అందరూ ఆ లెక్కలోకి రావాలి. బ్రిడ్జి కట్టాం కదా అంటే చాలదు. రాత్రి ఎనిమిదింటికి మెట్ల మీద దీపం వెలగకపోతే, ఆ మెట్ల కింద నలుగురు తాగుతూ కూర్చుంటే ఏ ఆడమనిషి ఎక్కుతుంది? పట్టాల మీద రైలు భయం, బ్రిడ్జి మీద మగవాళ్ళ భయం. మా పని అమ్మాయి సాయంత్రం కూడా కంతలోంచే ఎందుకు వెళ్తుందో అడిగితే చెప్పింది ఇదే. "రైలన్న కూతబెట్టి ఒస్తది అక్కా."

ఈ మాట విన్నాక నేను గ్రూపులో వాదన పెట్టుకోవడం మానేసి ఆదివారం మీటింగులో లేచాను. మామూలుగా ఆ మీటింగుల్లో లిఫ్టు, మెయింటెనెన్సు, కుక్కలు తప్ప వేరే మాట రాదు. నేను అడిగినవి పెద్ద కోరికలేం కావు. గోడ పూడ్చమని, నడక వంతెన మెట్లకి దీపాలు పెట్టమని సంబంధిత అధికారులకి ఒక అర్జీ. అది ఒప్పుకున్నారు. వంటింటి చెత్త కవర్లలో కట్టి గోడ అవతలికి విసరడం ఆపాలి, దానికోసం కుక్కలు, కుక్కల వెనక పిల్లలు పట్టాల మీదకి వెళ్తున్నారు. అదీ ఒప్పుకున్నారు, విసిరేది ఎవరూ కాదు కాబట్టి. సంక్రాంతికి పట్టాల వైపు టెర్రస్ మీద గాలిపటాలు వద్దు, పైన తీగల్లో ఉండేది 25 వేల వోల్టులు, దారం కోసం కర్ర పెట్టి లాగబోతే తీగ తగలనక్కర్లేదు, దగ్గరికి వెళ్తే చాలు. మగపిల్లల తల్లులు కొంచెం నసిగారు.

అసలు గొడవ నాలుగో దాని దగ్గర వచ్చింది. పట్టాలకి అటువైపు నుంచి వచ్చే పనివాళ్ళకి పొద్దున ఇరవై నిమిషాలు వెసులుబాటు ఇద్దాం, ఆలస్యమైందని జీతం కొయ్యొద్దు, మాట అనొద్దు అన్నాను. ఒక పెద్దావిడ, నాకు అత్తయ్య వరస లెండి, నిజంగానే బాధపడింది. "మా కోడలు ఏడున్నరకి క్యాబ్ ఎక్కాలమ్మా. నా మోకాళ్ళు చూశావుగా. అంట్లు ఎవరు తోముతారు?" ఆవిడ మాట కొట్టిపారేసేది కాదు. ఆ ఇంట్లో కోడలి క్యాబ్, మా ఇంట్లో కాలేజీ, బి బ్లాక్‌లో స్కూలు బస్సు, అన్నీ ఏడు-ఏడున్నర మధ్యే. అందరి వేళ్ళూ ఒకే ముల్లుని తోస్తుంటే ఆ ముల్లు చివర ఆ పాప తల్లి ఉంది. చివరికి తేలిందేమిటంటే, మూడిళ్ళ వాళ్ళం టైములు మార్చుకున్నాం. మేం ఎనిమిదికి జరిగాం, రాత్రి గిన్నెలు రాత్రే కడిగి పెట్టుకుంటున్నాం. మావారు మొదటి వారం గొణిగారు, ఇప్పుడు గొణుగుతూనే కడుగుతున్నారు. అత్తయ్యగారింటికి మాత్రం పట్టాలకి ఇటువైపే ఉండే ఇంకొకామెని వెతికి పెట్టాం. బి బ్లాక్ ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు. ఆవిడకి ఇద్దరు చిన్నపిల్లలు, ఆదుకునేవాళ్ళు లేరు. నాకు ఆవిడ మీద కోపం కూడా రావడం లేదు.

లేడీస్ కోచ్ సంగతి కూడా రెండు ముక్కలు చెప్పనివ్వండి, చాలామంది కాలేజీ పిల్లల తల్లులు అడిగారు. ఆడవాళ్ళ పెట్టెలో మగవాళ్ళు ఎక్కితే 162వ సెక్షన్ కింద 500 రూపాయల వరకూ జరిమానా, పెట్టెలోంచి దింపేయవచ్చు కూడా. ఇబ్బంది వస్తే ఫోను నంబరు 139. పాత 182ని 2021లో దీంట్లోనే కలిపేశారు, పిల్లల ఫోనుల్లో పాతది ఉంటే మార్చండి. మా అమ్మాయికి నేను చెప్పింది ఇంకొకటుంది. రాత్రి బండిలో లేడీస్ కోచ్ ఖాళీగా ఉంటే పంతం పట్టి అందులోనే కూర్చోవద్దు, పదిమంది ఉన్న పెట్టెలోకి మారు అని. మన కోసం పెట్టిన పెట్టెలోంచి మనమే దిగిపోవడం ఏమిటని అది నాతో పోట్లాడింది. దాని మాటలో న్యాయముంది. అయినా నా మాట వినమన్నాను.

అర్జీ మీద సంతకాలకి మొన్న బయల్దేరాను. అపార్ట్‌మెంట్ వాళ్ళవే కాదు, వంతెన నిజంగా వాడాల్సినవాళ్ళ సంతకాలు కూడా ఉండాలని పనివాళ్ళ దగ్గరికీ, వాచ్‌మన్ల దగ్గరికీ తీసుకెళ్ళాను. మా పని అమ్మాయి కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"నా పేరు రాస్తె నేను పట్టాలు దాటుతున్ననని పట్కపోతరా అక్కా?"

కాగితంలో దాటడం గురించి ఏమీ లేదని, మెట్ల మీద లైట్లు పెట్టమని మాత్రమే ఉందని పైనుంచి కిందదాకా చదివి వినిపించాను. పాప నా చేతిలోని పెన్ను లాక్కోబోయింది. ఆమె పాపని కింద దించి, చేతులు కొంగుకి తుడుచుకుని, కూడబలుక్కుంటూ పేరు రాసింది. రాసి, "గోడ ఎప్పుడు పూడుస్తరంట?" అంది. తెలీదన్నాను.

"లైట్లు పెట్టినంక పూడ్వమని రాయక్కా" అంది.

అర్జీలో ఆ వరస మార్చి రాశాను.